గెడ్డ రేవు బుద్రి

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం ఉదయం విశాఖలో మా ఇంటికి దగ్గర్లోని చేపల బజారుకు వెళ్లాను. వాన అప్పుడే వెలిసింది. నేను ఏరుకున్న చేపను అక్కడి ఆవిడ కత్తిపీట మీద పెట్టి పొట్ట చీల్చగానే పసుపుపచ్చని గుడ్లు గుత్తిగా జారి పడ్డాయి. ఆ వాసన ముక్కుకు తగిలింది. అది బజారంతా నిండి ఉండే నీచు వాసన కాదు. తడిసిన ఇనుము, కొత్త వానకు తడిసిన మట్టి కలిసినట్టుండే లోపలి వాసన. నేను అనుకోకుండానే నా చెయ్యి ముందుకు వెళ్లింది. ఒక గుడ్డును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించాను. "చోడి గింజంత," అని పైకే అనేశాను, రాగులను మా వైపు పిలిచే పేరుతో. "ఏటమ్మా, గుడ్లు ఇడిగా కట్టీమంతావా?" అందావిడ. తలూపాను. సంచీ పట్టుకుని ఇంటికి నడుస్తున్నంతసేపూ నాకు బుద్రి గుర్తుకొస్తూనే ఉంది. చేప గుడ్డును అలా వేళ్ల మధ్య దొర్లించి చూడడం నాకు నేర్పినది ఆవిడే.

తొంభైల మధ్యలో నాకు చేపల శాఖలో తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. ఫీల్డు అసిస్టెంటు అనేవారు. ముంచింగిపుట్టు అవతల, ఒడిశా సరిహద్దును ఆనుకుని కొండల నడుమ ఒక పెద్ద రిజర్వాయరు ఉంది. అందులో చేపలు ఎన్ని ఉన్నాయి, ఏటా ఎన్ని పట్టుకుంటే మిగతావి నిలబడతాయి అన్నది లెక్క తేల్చడం మా పని. నీళ్లలో ఉన్న చేపలను ఎవరూ లెక్కపెట్టలేరు కనుక, వలలో పడినవాటిని కొలిచి, లోపల ఉన్నవాటిని ఊహించాలి. ఆ లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది తల్లి చేపల సంఖ్య. గుడ్లు పెట్టగలిగినవి ఎన్ని ఉన్నాయో తెలిస్తే వచ్చే ఏటి పిల్లల సంగతి చెప్పవచ్చు. నాకు ఆఫీసులో ఒక కొలతపలక, ఫారాల కట్ట, ఒక చార్టు ఇచ్చారు. చార్టులో ఒక్కో జాతికి ఒక్కో పొడవు రాసి ఉండేది. చేప ఆ పొడవు దాటితే తల్లి చేప కింద టిక్కు పెట్టాలి. దాటకపోతే పిల్ల చేప. చేపను కొయ్యక్కర్లేదు, కోస్తే అమ్మకానికి పనికిరాదని పడవలవాళ్లు ఊరుకోరు కూడా.

నిజానికి నాకు చేపను కొయ్యడం చేతకాదు. ఈ మాట చెబితే నవ్వుతారు. మాది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు, మా నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలు అమ్మేది. కానీ అమ్మ నన్ను కత్తిపీట దగ్గరికి రానిచ్చేది కాదు. "సదువుకునే పిల్లకి సేతులు వాసనెందుకు? క్లాసులో పక్కనెవరూ కూకోరు," అనేది. అలా చేతులకు వాసన అంటకుండా చదువుకుని, చేపల మీదే డిగ్రీ తెచ్చుకున్నాను.

నేను కొలతలు తీసేది డ్యాం పక్కనున్న రేవులో. అక్కడికి జీపు వెళ్తుంది. రిజర్వాయరుకు పైన మరో మూల ఉంది. కొండ మీదినుంచి దిగి వచ్చే వాగు అక్కడ నీళ్లలో కలుస్తుంది. వాగును అక్కడ గెడ్డ అంటారు కనుక ఆ మూలను గెడ్డ రేవు అనేవారు. బస్సు దిగి గంటన్నర నడవాలి. మా ఆఫీసరు గారు "రోడ్డున్న రేవు చాలులేమ్మా, నీళ్లన్నీ ఒకటే కదా," అన్నారు. ఒక వారం డ్యాం రేవులో పండగ వచ్చి పడవలు దిగలేదు. నా ఫారాలు నిండలేదు. వేరే దారిలేక పలక చంకన పెట్టుకుని గెడ్డ రేవుకు నడిచాను.

అక్కడ మగవాళ్లు దోనెల్లో చేపలు తెస్తే ఆడవాళ్లు ఒడ్డునే కూర్చుని పొట్టలు చీల్చి, కడిగి, వెదురు తడక మీద పరిచి కింద పొగ పెడతారు. అలా ఎండిన చేపలను ముంచింగిపుట్టు సంతకు మోసుకెళ్తారు. అందరిలోకీ వేగంగా కోస్తున్న ఒకావిడ పక్కన నేను పలక పరుచుకున్నాను. నలభై దాటి ఉంటాయి. ముక్కుకు రెండువైపులా పుడకలు, ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఆవిడ తన తట్టలోంచి నేను తీసి కొలుస్తున్న చేపలను కాసేపు చూసి, "ఏటి రాత్తన్నావు గుంటా?" అని అడిగింది.

డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరిన నన్ను చిన్నపిల్లలా గుంటా అనడం నాకు కాస్త చురుక్కుమంది. "చేప పొడవు రాస్తున్నాను," అన్నాను.

"దీనికేటి, పక్కన గీత ఎట్టినావు?"

"ఇది పెద్దదైంది, గుడ్లు పెట్టే ఈడు వచ్చింది అని."

"నీకెవులు సెప్పినారు?"

"చార్టులో ఉంది."

ఆవిడ నా చేతిలోంచి ఆ చేపను తీసుకుంది. అది పెద్ద పరిగె. అక్కడి నీళ్లలో బాగా దొరికే చేప, జానెడు పొడవుంది. కత్తి మొనతో ఒక్క గీత గీసి పొట్ట తెరిచి నా ముందు పెట్టింది. లోపల గుడ్లు లేవు. వెన్నెముక పక్కన దారంలాంటి సన్నని పోగు, గాజులా మెరుస్తూ ఉంది. "సూడు. దీనికింకా ఈడు రానేదు. మీ సార్టు సేప కడుపులోకి ఎల్లి సూసిందేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మరో చేప తీసింది, చీల్చింది, ఇంకోటి తీసింది. నేను టిక్కు పెట్టిన ఆరు చేపల్లో ఐదింటికి గుడ్లు లేవు.

ఆవిడే బుద్రి. బుధవారం పుట్టిందని ఆ పేరు. ఆవిడ చెల్లెలు శుక్రవారం పుట్టింది కనుక సుక్రి. ఆ రోజు తిరిగి నడుస్తూ నేను చాలా సేపు నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ రాత్రి గదిలో ఫారాలు ముందేసుకుంటే ఆ ఐదు టిక్కులూ కదలకుండా నన్నే చూస్తున్నట్టున్నాయి. వారం తిరక్కుండానే మళ్లీ గెడ్డ రేవుకు వెళ్లాను. "అప్పా, నాకు కొయ్యడం నేర్పుతావా?" అని అడిగాను. మా వైపు అక్కను అప్ప అనే పిలుస్తాం.

"మీ అమ్మ నేర్పనేదేటి?"

"నేర్పలేదు."

"ఓలమ్మ, సేపలోళ్ల పిల్లవి కదా!" అని, ఇంకేమీ అడక్కుండా కత్తి నా చేతిలో పెట్టింది.

ఆ వానాకాలమంతా వారానికి రెండు రోజులు గెడ్డ రేవులోనే గడిపాను. కత్తిని లోతుగా దింపితే గుడ్ల సంచి తెగిపోతుంది, అందుకని మొన పైకి ఉండేలా పట్టుకోవాలి. మొదటి నెల నా వేళ్ల మీద కోతలు లేని రోజు లేదు. బుద్రి ఏదో ఆకు నమిలి ఆ పసరు రాసేది. గుడ్డు ఏ దశలో ఉందో చెప్పడానికి మా పుస్తకంలో అంకెలు ఉండేవి. ఆవిడకు గింజలు ఉండేవి. పోగు మాత్రమే ఉంటే "నేదు." కాస్త రూపం కడితే సామ. పసుపు తిరిగి వేళ్ల మధ్య నిలిస్తే చోడి. నొక్కగానే వాటంతట అవే బయటికి వస్తే "ఇయ్యాలో రేపో." పుస్తకంలోని బొమ్మలు చూసి నాకు ఎన్నడూ అర్థంకాని తేడా ఆ గింజలతో రెండు వారాల్లో పట్టుబడింది.

ఒకరోజు పెద్ద చేప ఒకటి కోశాను. లోపల గుడ్లు లేవు. ఇంత పెద్దదానికీ ఈడు రాలేదే అనుకుంటూ నోటుపుస్తకంలో "లేదు" అని రాయబోయాను. బుద్రి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సరిగ్గా సూడు. పోగుందా?" చూశాను. దారం కాదు. ఎర్రగా, వదులుగా, ఖాళీ చేసిన సంచిలా ఉంది. "ఇది గుంట కాదు, బాలింత. గెడ్డలోకి ఎల్లి గుడ్డు ఎట్టేసి వొచ్చింది. అలిసిపోనాది పాపం," అంది. ఆ చేప మీద ఒక్క క్షణం అరచెయ్యి వేసి ఉంచి, తరువాత తడక మీద పరిచింది. నేను అంతకుముందు వారాల్లో ఎన్ని బాలింతలను పిల్లలుగా రాశానో తెలియదు. ఆ పేజీలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. లెక్క తప్పినందుకు నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు, తప్పు దొరికినందుకు అంత తేలిక కూడా పడలేదు.

తరువాత డ్యాం రేవులోనూ కొయ్యడం మొదలుపెట్టాను. అక్కడి ఆడవాళ్లను బతిమాలి, నేనే శుభ్రం చేసి ఇస్తానని ఒప్పించాను. అప్పుడు అసలు విషయం బయటపడింది. డ్యాం దగ్గర అదే పెద్ద పరిగె జానెడు పొడవుకే గుడ్లతో ఉంది. చార్టు అక్కడ సరిగ్గానే చెప్పింది. గెడ్డ మూలలో మాత్రం జానెడు మీద ఇంకో బెత్తెడు పెరిగితే గాని గుడ్డు కట్టడం లేదు. ఒకే చేప, ఒకే రిజర్వాయరు. ఇటు నీళ్లు వెచ్చన, విశాలం. అటు కొండనీళ్లు చల్లన. నేను ఇదంతా గొప్ప రహస్యం కనిపెట్టినట్టు బుద్రికి చెప్పాను.

"అదేటి యింత? నాను బేగి ఈడేరాను, మా సుక్రి నా తరవాత మూడేళ్లకి గాని ఈడేరనేదు. ఒకే అమ్మ కడుపున పుట్టినోళ్లం. గుంటలందరికీ ఒకే రోజు ఈడొత్తాదేటి?" అంది. సుక్రి సిగ్గుపడి చేతిలోని చేపతో అక్కను కొట్టింది.

ఆ మాట అంత మామూలుగా అన్నదే గాని, దాని మీద ఎంత ఆధారపడి ఉందో ఇద్దరికీ తెలుసు. అప్పటికే రిజర్వాయరంతటికీ చిన్న కన్ను వలలకు, అంటే చిన్న చేప కూడా తప్పించుకోలేని సన్న రంధ్రాల వలలకు, అనుమతి ఇవ్వాలన్న ఆలోచన నడుస్తోంది. నా ఫారాల ప్రకారం తల్లి చేపలు దండిగా ఉన్నాయి కనుక ఇబ్బంది లేదు. డ్యాం వైపువాళ్లు ఆ వలలు అడుగుతున్నారు కూడా. కానీ ఆ వల గెడ్డ మూలలో వేస్తే, అక్కడి చేప ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకుండానే వలలో పడుతుంది. కొన్నేళ్లకు పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. డ్యాం రేవు లెక్కను రిజర్వాయరంతటికీ వేసి మేం తల్లులు అనుకున్నవాటిలో సగం ఇంకా తల్లులు కానే కాదు.

జీపులో వెళ్తూ ఒకసారి ఆఫీసరు గారికి ఈ విషయం ఎత్తాను. ఆయన చెడ్డవారు కారు. నాకు ఉద్యోగం ఇప్పించినది ఆయనే, జ్వరం వస్తే తన జీపులో పాడేరు ఆస్పత్రికి తీసుకెళ్లినదీ ఆయనే. ఓపిగ్గా విన్నారు. "చూడు వరలక్ష్మీ, పైకి ఒకే నంబరు పంపాలి. రెండు పంపితే రెండూ పక్కన పెడతారు. నాలుగు నెలల నోటుపుస్తకం పట్టుకుని నేనేం చెప్పను? చూద్దాంలే," అన్నారు. నోటుపుస్తకం సంచీలో పెట్టేశాను. నా పోస్టు ఏడాదికోసారి పొడిగించేది, పొడిగింపు కాగితం ఆయన టేబులు మీద ఉంది.

మీటింగు ముంచింగిపుట్టులో సంత రోజున పెట్టారు. రెండు రేవులవాళ్లూ వచ్చారు. ఆఫీసరు గారు వలల గురించి వివరించి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగారు. వెనకాల, గుమ్మం దగ్గర, బుద్రి లేచి నిలబడింది. అమ్మాల్సిన చేపల తట్ట కాళ్ల దగ్గర ఉంది. "బాబూ, డ్యాం కాడ ఏసుకోండి. మా గెడ్డలో ఒద్దు. మా సేపకి అప్పటికి ఈడు రాదు," అంది. ముందు వరసల్లో ఎవరో, "సేపకి ఈడేటే, పెళ్లి సేత్తావేటి?" అన్నారు. హాలంతా నవ్వులు. బుద్రి ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి, నావైపు చూపించింది. "ఆ గుంట కోసి సూసింది. ఆ గుంటని అడగండి."

ఆఫీసరు గారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నీ దగ్గర ఏమైనా ఉందా?"

నోటుపుస్తకం నా ఒళ్లో సంచీలో ఉంది. దాని అట్ట నా అరచేతికి తగులుతూనే ఉంది. "ఇంకా తేల్చలేదు సార్. శాంపిలు చాలదు," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటినుంచి వచ్చింది. బుద్రి నావైపు ఒకసారి చూసి, తట్ట ఎత్తుకుని సంతలోకి వెళ్లిపోయింది. చిన్న కన్ను వలలు మంజూరయ్యాయి. నా పోస్టు కూడా పొడిగించారు.

ఆ తరువాత మూడు వారాలు గెడ్డ రేవుకు వెళ్లే ధైర్యం లేకపోయింది. వెళ్లిన రోజున ఏం అంటుందోనని ఒడ్డుకు దూరంగానే నిలబడ్డాను. బుద్రి నన్ను చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చింది. "బేగి రా. సేపలు ఎక్కువున్నాయి," అంది. కత్తి ఇచ్చింది. మీటింగు మాట ఆ రోజే కాదు, నేను అక్కడున్న ఇంకో ఏడాదిలో ఒక్కసారీ ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టలేదు. అన్నం తినే వేళకు చోడి అంబలి గిన్నె నావైపు జరిపేది, నా వేళ్లు కోసుకుంటే ఆకు పసరు రాసేది, అంతా ముందులాగే. నేనే ముందులా లేను.

నాకు తీరానికి బదిలీ అయింది. చెప్పడానికి వెళ్లినప్పుడు బుద్రి చేపలు కోస్తూనే వింది. బస్సు వేళయిందని నేను లేస్తుంటే, "ఆ రాసే బుక్కు ఒకటి ఒగ్గెయ్యి," అంది.

"నీకు రాయడం రాదు కదా అప్పా?"

"సుక్రికి వొచ్చు. అయిదు సదివింది."

సంచీలో కొత్త పుస్తకాలు రెండుంటే రెండూ ఇచ్చాను, పెన్సిళ్లతో సహా. పిల్లలు ఆడుకోవడానికి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలికగా ఉండి ఉంటుంది.

ఆరేడేళ్లు గడిచాయి. నాకు పర్మనెంటు అయింది, పెళ్లయింది, పాప పుట్టింది. రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు ఆఫీసులో ఆ రిజర్వాయరు ఫైలు నా టేబులు మీదకు వచ్చింది. గెడ్డ మూలలో చేపలు పడడం లేదని అక్కడివాళ్లు అర్జీ పెట్టారు. ఆ ప్రాంతం తెలిసినదాన్నని నన్నే వెళ్లి చూసి రమ్మన్నారు. అరకు మీదుగా వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కాఫీ తోటలు, వలిసె పూలు, మలుపు మలుపుకీ చల్లబడే గాలి, ఏదీ నాకు కనిపించలేదు. ఆవిడను ఏ మొహం పెట్టుకుని చూడాలన్న ఆలోచనే సరిపోయింది.

ఒడ్డున వెదురు తడకలు మూడే మిగిలాయి. ఒక్కదాని కింద పొగ ఉంది. అక్కడ కూర్చున్నది సుక్రి. నన్ను గుర్తుపట్టి లేచింది. "అక్క ఇంటికాడుంది. కళ్లు సరిగ్గా అవుపడవు," అంటూ నన్ను ఊళ్లోకి తీసుకెళ్లింది. బుద్రి అరుగు మీద కూర్చుని ఉంది. కళ్లలో తెల్లని పొర. నేను మాట్లాడకముందే, అడుగుల చప్పుడు విని, "ఎవులు?" అంది. "నేనే అప్పా, వరలక్ష్మిని," అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే తడిమి పాత కోతల మచ్చలు వెతికింది. "ఉన్నాయి, ఉన్నాయి," అంటూ నవ్వి, చెల్లెలితో, "బుక్కు తే," అంది.

సుక్రి దూలం సందులోంచి ప్లాస్టిక్కు కవరు తీసింది. నేను ఇచ్చిన రెండు పుస్తకాలూ, వాటితోపాటు సంతలో కొన్న ఇంకో మూడూ ఉన్నాయి. అయిదో తరగతి చదువుకున్న చేతి రాత, పెద్ద పెద్ద గుండ్రని అక్షరాలు. ప్రతి వానాకాలం, ప్రతి సంత వారం. చేప పొడవు జానలు, బెత్తెలు, వేళ్లలో. పక్కన గుడ్డు సంగతి. సామ. చోడి. నేదు. నేదు. బాలింత. పేజీలు తిప్పుతూ పోతుంటే బాలింతలు తగ్గాయి. నేదులు పెరిగాయి. అయిదో పుస్తకంలోకి వచ్చేసరికి పేజీకి రెండు వరసలు, ఒక్క వరస. చివరి పేజీల్లో సంత వారం తరువాత సంత వారం, ఒకే మాట: "సేప నేదు." నేను ఆ పుస్తకాన్ని మూసి మొహం అటు తిప్పుకున్నాను. ఆవిడకు కనిపించదని తెలిసి కూడా.

"సూసినావా? ఆకర్ని ఒక సిత్రం ఉంది," అంది బుద్రి. "ఎప్పుడేనా ఒకటో రెండో పడితే, సిన్న సేపలకే గుడ్డు కడతంది. జానెడుకే. ముందు అలగ నేదు. సేపకి బయమేసినట్టుంది. వలకి సిక్కే ముందే బేగి గుడ్డెట్టీయాలని." ఆ తరువాత ఎన్నో పెద్ద సభల్లో, ఎక్కువగా పట్టే నీళ్లలో చేప ఎలా తొందరగా, చిన్నగా ఉండగానే ఈడుకొస్తుందో చెప్పగా విన్నాను. నాకు ఆ మాట మొదట చెప్పినది చూపు పోయిన ఒక మనిషి. చార్టులో రాసిన పొడవే కాదు, మేం కష్టపడి కనుక్కున్న పొడవు కూడా ఎప్పటికీ నిలిచి ఉండదని, ప్రతి ఏడూ, ప్రతి రేవులో మళ్లీ కోసి చూసుకోవాల్సిందేనని ఆ అరుగు మీద అర్థమైంది.

అప్పుడు ఇక ఉండబట్టలేక, "అప్పా, ఆ రోజు మీటింగులో నేను నిజం చెప్పలేదు," అన్నాను. "పుస్తకం నా ఒళ్లోనే ఉంది."

"తెల్సు. సంచీ మీద సెయ్యేసుకుని కూకున్నావు."

"మరి ఎప్పుడూ ఒక్క మాట అనలేదేం?"

"ఏటనాలి? బయపడ్డావు. ఉజ్జోగం పోతాదని." నావైపు తల తిప్పి, "ఇప్పుడు సెప్తావా మరి?" అని అడిగింది.

"చెబుతాను," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాలో భయం లేదని అనలేను.

ఆ అయిదు పుస్తకాలనూ ఒళ్లో పెట్టుకునే విశాఖ దాకా వచ్చాను. రిపోర్టులో రెండు పొడవులు రాశాను, డ్యాం వైపుకు ఒకటి, గెడ్డ మూలకు ఒకటి. పాత లెక్కలో తల్లి చేపలను ఎక్కువ చేసి చూపించినది నేనేనని కూడా రాశాను. మా పాత ఆఫీసరు గారు అప్పటికి ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నారు. కాగితం చదివి కళ్లజోడు తీశారు. "ఇది నీ మీదకే వస్తుందమ్మా," అన్నారు. వస్తే రానివ్వండి సార్ అన్నాను. పట్టిక కింద బుద్రి, సుక్రి అని నేను రాసినచోట "స్థానికుల సమాచారం" అని మార్చమన్నారు, పేర్లు రాసే ఆనవాయితీ లేదని. నేను మార్చలేదు. చివరికి సంతకం పెట్టారు. నాకు ఒక మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. గెడ్డ మూలలో చిన్న కన్ను వల నిషేధించారు, వానలు మొదలైనప్పుడు చేప వాగులోకి ఎక్కే రోజుల్లో అక్కడ వేట ఆపారు. చేపలు తిరిగి వచ్చాయి గాని ముందున్నంత రాలేదు. అయిదు పుస్తకాల్లో మొదటిదానిలాంటి వానాకాలం నేను మళ్లీ చూడలేదు.

ఆ రిపోర్టు పట్టుకెళ్లి బుద్రికి చదివి వినిపించాను. తన పేరు వచ్చినచోట మళ్లీ చదవమంది. సుక్రి పేరు కూడా ఉందా అని అడిగింది. ఉందన్నాను. కంటికి ఆపరేషను చేయిస్తాను, విశాఖ రమ్మన్నాను. పంటలయ్యాక వస్తానంది. రాలేదు. మరుసటి వేసవిలో జ్వరం వచ్చి పోయిందని సుక్రి సంతలో ఎవరిచేతో ఫోను చేయించి చెప్పింది. అప్పటికి పది రోజులైందట. నా దగ్గర ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఇన్నేళ్లలో కెమెరా పట్టుకుని ఆ రేవుకు ఎన్నిసార్లు వెళ్లానో. ప్రతిసారీ చేపలకే తీశాను.

అప్పటినుంచి ఏటా ఆషాఢంలో సెలవు పెట్టి గెడ్డ రేవుకు వెళ్తున్నాను. నాతో అక్కడ ఎవరికీ పనిలేదు. సుక్రి పక్కన కూర్చుని ఒక పూట చేపలు కోస్తాను, ఆమె చెబుతుంటే రాస్తాను. మొన్న వెళ్లినప్పుడు, చాలా ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. ఆ మీటింగు తరువాత, నేను బుద్రి తరఫున ఒక్క మాట కూడా చెప్పకపోయాక, మళ్లీ వస్తానో రానో తెలియకుండానే అన్నేళ్లు ఎందుకు రాయించింది?

"నాకూ తెల్దు," అంది సుక్రి. "సంతనుంచి కాళ్లీడ్సుకుంటా వొచ్చేవోళ్లం. నాకు నిద్రొచ్చేది. ఎవులు సూత్తారే దీన్ని అని ఒకపాలి కసిరినాను. 'ముందు రాయే' అంది, అంతే."

నేను వస్తానని నమ్మి రాయించిందా, నేను వచ్చినా రాకపోయినా రాయవలసిందే అనుకుందా? మొదటిదే అయి ఉండాలని ఇన్నేళ్లుగా కోరుకుంటున్నాను. రెండోదే నిజమని, ఆ ఒడ్డున కూర్చున్న ప్రతిసారీ నాకు తెలుస్తూనే ఉంటుంది.